పార్టీ ఇచ్చిన అవకాశం

సింగపూర్‌లో వన్-నార్త్ అనే చోట నేను పనిచేసిన ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆంటీ, ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. సాఫ్ట్‌వేర్ గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు, అది వాళ్లకే బాగా తెలుసు. అందుకని ఒక నేపాలీ నాయకుడి కథ మొదలుపెడతాను. సగంలో ఉండగా అవతల ఎవరికో మీటింగ్ వస్తుంది. ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేకపోయాను. ఈసారి రాసేస్తున్నాను.

ముందు మా పని గురించి రెండు మాటలు. బ్యాంకు ఒక పెద్దమనిషికి ఖాతా తెరిచే ముందు, విశ్వవిద్యాలయం ఒక అతిథిని పిలిచే ముందు, ఆ మనిషి పూర్వాపరాలు కనుక్కోమని మా సంస్థను అడిగేవారు. మేం పత్రికలు, ఎన్నికల ఫలితాలు, కోర్టు రికార్డులు వెతికి నివేదిక రాసేవాళ్లం. చివర ఒక గుర్తు పెట్టాలి. పచ్చది అయితే పిలుచుకోవచ్చు. ఎర్రది అయితే వద్దు. ఎర్ర గుర్తు ఆ ఒక్క నివేదికతో పోయేది కాదు. మా కంప్యూటర్లలో ఉండిపోయి, రేపు ఇంకెవరు ఆ పేరు అడిగినా ముందు అదే కనిపిస్తుంది. ఆ మనిషికి మాత్రం తన మీద అలాంటి గుర్తు ఒకటి ఉందని కూడా తెలియదు.

ఇంటర్ తప్పిన నాకు ఇలాంటి ఉద్యోగం ఎలా వచ్చిందంటే, ఆ పుణ్యం లైబ్రరీది. మా ఆయన షిప్‌యార్డులో పనిచేసేవారు. జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాటుకు దగ్గర్లోనే లైబ్రరీ. మొదట ఏసీ కోసం వెళ్లాను. ఆ తర్వాత చరిత్ర అల్మరా ఒక చివర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. దేవనాగరి లిపి, కొంత సంస్కృతం, ఆ మీదట నేపాలీ, అన్నీ అక్కడ నాకు నేనే నేర్చుకున్నాను. నేపాలీ పుస్తకానికి వెనక అట్టలో ఒక సీడీ ఉండేది. దాని మీద గీతలు పడటం వల్ల ఏడో పాఠం ఎప్పుడూ మోగేది కాదు, పుస్తకంలో ఆ పేజీలు కూడా ఎవరో చింపుకుపోయారు. ఒక్క పాఠం లేకపోతే ఏమవుతుందిలే అనుకుని ఎనిమిదికి దాటేశాను.

టైపింగ్ పనికి చేరిన నేను, హిమాలయాల కింద ఉన్న లిపులన్నీ కూడబలుక్కోగలనని తెలిశాక, నివేదికలు సరిచూసే బల్ల దగ్గరికి చేరాను. ఆ బల్ల దగ్గర ముగ్గురం తెలుగువాళ్లమే కావడం కేవలం యాదృచ్ఛికం. మా లీడ్ కరీంనగర్ అబ్బాయి. చాలా ఏళ్ల క్రితమే వచ్చి స్థిరపడ్డాడు, నోట్లో నోరు పెట్టడం కష్టం. రెండో మనిషి తెనాలి వైపు అమ్మాయి, అప్పుడే ఎంబీయే పూర్తి చేసి చేరింది.

నా రిటైర్మెంటుకు కొన్ని నెలలున్నాయనగా ఆ ఫైలు వచ్చింది. ఇక్కడి విద్యాసంస్థ ఒకటి, కొండ ప్రాంతాల స్థానిక నాయకుల్ని కొద్ది వారాలు అతిథులుగా పిలిచి, విద్యార్థులతో మాట్లాడించాలనుకుంది. నేపాల్ నుంచి ఒకాయన పేరు ఖాయం చేశారు. ఆయన గురించి మేం పచ్చ గుర్తు ఇస్తే ఆహ్వానం వెళుతుంది, లేకపోతే వరసలో ఉన్న ఇంకొకరికి. ఆయన రిటైరైన బడి పంతులు, ఒక కొండ వార్డుకు అధ్యక్షుడు.

మొదటి రోజే తెనాలి అమ్మాయి కుర్చీ తిప్పుకుని, "ఆంటీ, ఈయన ఇంకా రాని సంవత్సరంలో ఓడిపోయారండి!" అంది.

చూస్తే నిజమే. నేపాలీ పత్రికలు వాళ్ల విక్రమ శకంలో తేదీలు వేస్తాయి, అది మన లెక్క కంటే యాభై ఏళ్లకు పైగా ముందుంటుంది. నేను వివరించి చెప్పాను. మా లీడ్ అటు నుంచి, "మంచిగుంది ఆంటీ. ముందే ఓడిపోయిండు కాబట్టి ఇంక టెన్షన్ లేదు," అన్నాడు.

మామూలుగా ఇలాంటి సందేహాలకు ఖాట్మండూలో మాకొక నేపాలీ సహాయకుడు ఉండేవాడు. కానీ అది దశైం పండగ సమయం. మనకు దసరా అయితే వాళ్లకు దశైం, ఆ రోజుల్లో దేశమంతా పల్లెలకు ఎక్కిపోతుంది. అతను ఏదో కొండ మీద ఊళ్లో ఉన్నాడు, ఫోన్ కలవదు. "నేనున్నాను కదా," అన్నాను. ఆ మాట కాస్త గర్వంగానే అన్నాను.

అలా ఆయన రాజకీయ జీవితమంతా ఓ వారం నా ముందు పరుచుకుంది. పార్టీలు లేని రాజరికపు పాలన రోజుల్లో విద్యార్థిగా ఊరేగింపు తీసి కొంతకాలం నిర్బంధంలో ఉన్నారు. నేరం రుజువు కాలేదు, విచారణే జరగలేదు. బయటికొచ్చి బడి పెట్టారు. పార్టీలకు అనుమతి వచ్చాక మొదటి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. రెండోసారి గెలిచారు. మూడోసారి ఓడిపోయారు. రాజ్యాంగం రాయడానికి పెట్టిన సభ ఎన్నికల్లోనూ ఓడిపోయారు.

ఇలా చెబితే గొప్పేముంది అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ గెలిచిన ఆ ఒక్కసారి ఆయన ఏం చేశారో చూడండి. నియోజకవర్గానికి ఒక వేలాడే వంతెన వచ్చింది. సొంత ఊరివాళ్లు తమకే అనుకున్నారు. ఆయన నదికి ఎగువన, తనకు ఓటు వేయని ఊరి దగ్గర కట్టించారు. అక్కడి పిల్లలు తాడు పట్టుకుని నది దాటి బడికి వచ్చేవాళ్లట. తర్వాతి ఎన్నికల్లో సొంత ఊరివాళ్లు ఆయన్ని ఓడించారు. విలేకరి అడిగితే ఆయన చెప్పిన జవాబు ఒక చిన్న జిల్లా పత్రికలో దొరికింది: "మా ఊరి దగ్గర నది మోకాలి లోతు. అక్కడ మెడ లోతు. ఇందులో రాజకీయం ఏముంది?"

ఈ ముక్క నేను బయటికి చదివి వినిపించాను. తెనాలి అమ్మాయి, "అబ్బ, ఎంత బాగా చెప్పారండీ," అంది.

"ఆంటీ, మీరు ఆయనకు ఫ్యాన్ అయిపోయిండ్రు," అన్నాడు లీడ్. "మనం రిపోర్టు రాస్తున్నం, సన్మానపత్రం కాదు."

అతను అన్నదాంట్లో తప్పులేదు. ఈ పనిలో మెచ్చుకోలు కూడా ఒక రకమైన పొరే, కంటి మీద పడుతుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ తర్వాతి పార్లమెంటు ఎన్నికల దగ్గర. అభ్యర్థుల జాబితాలో ఆయన పేరు లేదు. ఎందుకు లేదో ఏ పత్రికా రాయలేదు. దొరికింది ఒక్క వీడియో. అది ఆ తర్వాత కొన్నేళ్లకు వార్డు ఎన్నికలకు ఆయన స్వతంత్రంగా నిలబడ్డప్పుడు, కొండవాలులో ఎవరో ఫోన్లో తీసింది. మైకులో మాట కంటే గాలి ఎక్కువ. అనువాదం చేసే సాఫ్ట్‌వేర్‌కు వేస్తే అది ఆ గాలిని కూడా అనువదించబోయి వదిలేసింది.

నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాను. ఒకచోట గాలి తగ్గింది. ఆయన గొంతు స్పష్టంగా పలికింది: "పార్టీలే మలాయి అవకాశ్ దియో. మైలే లియేఁ."

"దొరికింది!" అన్నాను. "పార్టీ నాకు అవకాశం ఇచ్చింది, నేను తీసుకున్నాను, అంటున్నారు."

తెనాలి అమ్మాయి విని, "అవునండీ, అవకాశమనే అన్నారు," అంది. లీడ్ కూడా ఒక చెవికి పెట్టుకుని విన్నాడు. అతనికి హైదరాబాదులో ఉన్న రోజుల హిందీ వచ్చు. కానీ అందులో ఛాన్స్ అంటే మౌకా, సెలవంటే ఛుట్టీ. అవకాశ్ అనే మాట అతనికి తెలుగులోనే తెలుసు. "అవకాశమే, సాఫ్‌గ వినవడ్తుంది," అన్నాడు. ముగ్గురం ఒకే మాట విన్నాం, ముగ్గురికీ ఒకే అర్థం తోచింది. అంతకంటే రుజువేం కావాలి?

అప్పుడు లీడ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. పార్టీ టికెట్ ఇచ్చింది. ఈయన తీసుకున్నడు. కానీ లిస్టుల పేరు లేదు. అంటే నామినేషన్ వాపస్ తీసుకున్నడు. ఎదుటోడు అల్కగ గెలిచిండు. తర్వాత ఈయనను పార్టీల కనవడనియ్యలే, ఒంటరిగ వార్డుకు నిలవడ్డడు. ఏమైనట్టు ఆంటీ?"

నేను ఇయర్‌ఫోన్ల తీగ చుట్టసాగాను.

"టికెట్ అమ్ముకున్నడు," అన్నాడు. "ఇండియాల అయితే మీరే ముందు అంటుండె ఈ మాట."

నాకు కోపం వచ్చింది, కానీ అతని తర్కంలో కన్నం కనిపించలేదు. వంతెన కట్టించిన మనిషి సీటు అమ్ముకుంటాడా అనడం వాదన కాదు, అభిమానం. ఎంతోమంది అమ్ముకున్నారు. అతను నివేదికలో ఎర్ర గుర్తు పెట్టి, మర్నాడు పంపేస్తానన్నాడు. నా చెవులు విన్న ఒక్క మాట మీద ఒక మనిషి జీవితమంతా తలకిందులైంది. వినకపోయినా బావుండేది.

మర్నాడు రైల్లో వెళుతూ ఆ వీడియో మరోసారి చూశాను, ఈసారి శబ్దం లేకుండా. బ్వోనా విస్టాలో రైలు మారాలి, మారడం మరిచిపోయి రెండు స్టేషన్లు దాటిపోయాను. ఎందుకంటే ఆయన ఆ మాట అన్నప్పుడు ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. టికెట్ వచ్చిందని చెబితే ఎవరైనా ఏడుస్తారా?

ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లి, "ఒక్క ఫోన్ చేయనివ్వు," అని లీడ్‌ను అడిగాను. సంబంధిత వ్యక్తినే నేరుగా అడిగే పద్ధతి మాకు ఉంది, కానీ అరుదు. అబద్ధం చెప్పేవాడు ఎలాగూ అబద్ధమే చెబుతాడు కదా అని.

"ఆయన నేను అమ్ముకోలే అంటడు, మీరు నమ్ముతరు. గంతే కదా?"

"నమ్మను. అడుగుతాను."

అతను, "క్యాన్ లా," అన్నాడు, సరే కానివ్వమని. అతనికి ఇష్టం లేకుండా ఒప్పుకునేటప్పుడు ఎప్పుడూ సింగపూర్ మాటే వచ్చేది. స్పీకర్ పెట్టమని తనూ పక్కన కుర్చీ లాక్కున్నాడు.

ఆయన వార్డు ఆఫీసులో దొరికారు. వెనకాల ఎవరో గట్టిగా దగ్గుతున్నారు, మేక అరుస్తోంది. నేను నా లైబ్రరీ నేపాలీలో, మధ్యమధ్య హిందీ, ఇంగ్లీషు కలుపుతూ, మేమెవరమో చెప్పి, మాటలు రికార్డవుతాయని కూడా చెప్పాను. ఆయన నన్ను "బహినీ" అన్నారు. అంటే చెల్లెలు. ఇక ఆ సంభాషణ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. తెలుగులో రాస్తున్నాను, ఒక్క మాట తప్ప.

"సర్, పార్లమెంటు ఎన్నికల ముందు పార్టీ మీకు అవకాశ్ ఇచ్చింది కదా?"

"ఇచ్చింది."

"మీరు తీసుకున్నారు?"

"ఇచ్చాక తీసుకోక ఏం చేస్తాం, బహినీ? కాదంటే ఊరుకుంటారా?"

లీడ్ నా వైపు కనుబొమలు ఎగరేశాడు. ఒప్పుకుంటున్నాడు చూడండి అని.

"మరి మీకు సంతోషం అనిపించలేదా సర్?"

"సంతోషమా?" అన్నారు. "మా ఇంటావిడ రెండు రోజులు వంట చేయలేదు."

"గంత పెద్ద టికెట్ వస్తే వంట చేయకపోవుడేంది?" అని లీడ్ నా చెవిలో గొణిగాడు.

నేను ధైర్యం చేసి అసలు ప్రశ్న అడిగాను. "అంత మంచి అవకాశ్‌ను మీరు ఎవరి కోసమైనా వదులుకున్నారా?"

"వదులుకోవడానికి అదేమైనా కోడిపిల్లా?" ఆయన గొంతులో కొంచెం విసుగు వినిపించింది. "నాకొక్కడికే కాదు బహినీ. జైలుకెళ్లిన మా తరం వాళ్లందరికీ ఒకేసారి ఇచ్చారు. శాలువా కప్పి మరీ ఇచ్చారు. మీకు వయసైపోయింది, ఇక ఇంట్లో కూర్చుని మనవళ్లను ఆడించుకోండి అన్నారు."

తెనాలి అమ్మాయి ఒక్కసారిగా లేచి నిలబడింది. "ఆంటీ! రిటైర్మెంటండీ! అవకాశ్ అంటే వాళ్లకు రిటైర్మెంట్!"

శాలువా కప్పి టికెట్ ఎగ్గొట్టారు ఆయనకి. టికెట్ అమ్ముకోవడం కాదు, ఆయనకి టికెట్టే లేదు. సీడీలో మోగని ఏడో పాఠం ఉద్యోగాల గురించి అయ్యుంటుందని ఇప్పటికీ నా అనుమానం.

ఆయన అటునుంచి, "ఏమైంది? ఎవరు అరిచారు?" అంటున్నారు. దాచడానికేముంది, జరిగింది చెప్పాను. మా భాషలో అవకాశం అంటే వేరే అర్థమని, అది విని మేం ముగ్గురం మీకు టికెట్ ఇప్పించామని, అమ్ముకున్నారని కూడా అనుకున్నామని.

"మీ భాషలో అంటే ఏమిటి అర్థం?"

"ఛాన్స్, సర్. ఏదైనా చేయడానికి దొరికే వీలు."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక. పక్కనున్నవాళ్లకు నేపాలీలో చెప్పినట్టున్నారు, దగ్గే మనిషి కూడా దగ్గు మానేసి నవ్వాడు. కాస్త తేరుకున్నాక ఆయన అన్న మాట ఇది:

"అలాగైతే, బహినీ, మా పార్టీవాళ్లు నాకు నేపాలీలో ఇచ్చారు. నేను మీ భాషలో తీసుకున్నాను."

నిజంగా ఆయన చేసింది అదే. ఇంట్లో కూర్చోమన్న మనిషి కూర్చోలేదు. పార్లమెంటు దాకా వెళ్లినవాడు వార్డుకు నిలబడటమేమిటని అందరూ ఎగతాళి చేస్తుంటే, పార్టీ లేకుండా, ఎన్నికల గుర్తు కొత్తది పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగారు. ఎంత తేడాతో గెలిచారంటే, ఆ తేడా మొత్తాన్ని మా జురాంగ్ ఈస్ట్‌లో ఒక రెండంతస్తుల బస్సులో కూర్చోబెట్టొచ్చు. ఆ బస్సులో ఎక్కువమంది వంతెన కట్టిన ఆ ఎగువ ఊరివాళ్లే. పార్లమెంటు సభ్యుడిగా ఉన్నప్పుడు కట్టించిన వంతెనకు ఇన్నేళ్ల తర్వాత ఓట్లు వచ్చాయి.

ఈ సంగతులన్నీ అప్పటికే మా ఫైల్లో ఉన్నాయి. ఒక్క మాట అడ్డుపడి చదవలేకపోయాం.

లీడ్ వెళ్లి మూడు కోపీలు, అంటే ఇక్కడి కాఫీలు, తెచ్చాడు. నా కప్పు నా ముందు పెట్టి, "ఆంటీ, రిపోర్టు మీరే రాయండి. సన్మానపత్రం లెక్క ఉన్నా పర్వాలేదు," అన్నాడు. నేను సన్మానపత్రం రాయలేదు. ఓటములన్నీ వరసగా రాశాను, ఒక్క గెలుపూ రాశాను, పార్టీ టికెట్ నిరాకరించిందని రాశాను, వార్డు ఎన్నిక రాశాను. చివర పచ్చ గుర్తు పెట్టాను. పండగ అయ్యాక ఖాట్మండూ సహాయకుడు కూడా అంతా సరిచూసి, కింద తన వ్యాఖ్య ఒకటి జోడించాడు, "అవకాశ్ అంటే నన్ను అడగాల్సింది," అని. పక్కన నవ్వుతున్న ముఖం.

ఆహ్వానం వెళ్లింది. ఆయన వచ్చారు. పొట్టి మనిషి, నడిచేటప్పుడు ముందుకు వంగి, సమతలంగా ఉన్న పేవ్‌మెంట్ మీద కూడా కొండెక్కుతున్నట్టు నడిచేవారు. మా సంస్థ వాళ్లు పరిశీలించిన మనిషిని కలవడం మామూలుగా ఉండదు, ఉండకూడదు కూడా. ఆయనే పట్టుబట్టి మా ముగ్గురినీ చూడాలన్నారట, ప్రసంగాలన్నీ అయిపోయాక. దగ్గర్లో ఒకే కప్పు కింద తిండి దుకాణాలుండే ఒక హాకర్ సెంటర్లో మధ్యాహ్నం భోజనానికి కలిశాం.

జనం కిక్కిరిసి ఉన్నారు. తెనాలి అమ్మాయి ఖాళీ బల్ల చూసి పరిగెత్తబోయి ఆగిపోయింది. బల్ల మీద నాలుగు కుర్చీల ముందు ఒక టిష్యూ పొట్లం. అంటే ఎవరో చోప్ చేసి తిండికి వెళ్లారు. మనం బస్సు కిటికీలోంచి రుమాలు వేసినట్టు. ఆయనకు వివరించాం.

ఆయన ఆ పొట్లాన్ని వంగి దగ్గరగా చూశారు, ముట్టుకోకుండా. "ఎవరూ తీసేయరా?"

"తియ్యరు సర్," అన్నాడు లీడ్.

"ఇంత చిన్నదానితో సీటు ఆగుతుందా? నేను అయిదేళ్లూ కూర్చుని ఉండగానే నా సీటు కోసం ముగ్గురు కాచుకు కూర్చున్నారు!"

ఆ నవ్వు తగ్గేసరికి మాకు వేరే బల్ల దొరికింది. తింటూ ఆయన లీడ్‌తో చాలాసేపు మాట్లాడారు. వెళ్లేముందు అతను, "సార్, మిమ్మల్ని తప్పుగ అనుకున్న," అన్నాడు. ఆయన అతని భుజం తట్టి, "నేను ఓడినప్పుడల్లా మా ఊళ్లో ఇంకా ఘోరంగా అనుకున్నారు. నువ్వు ఫోన్ చేసి అడిగావు, వాళ్లు అదీ చేయలేదు," అన్నారు. అడిగింది నేను అని ఎవరూ గుర్తు చేయలేదు. నేనూ చేయలేదు.

చేతులు కడుక్కుని బయటికొస్తుంటే ఆయన నా వైపు తిరిగి, నేనింకా ఎన్నాళ్లు పనిచేస్తానని అడిగారు. ఆ రోజుల్లో ఆ ప్రశ్న ఎవరు అడిగినా నేను మాట మార్చేసేదాన్ని. ఇంట్లో కూర్చుంటే నేను ఎవరిని? ఇంటర్ తప్పిన మనిషినే కదా మళ్లీ.

"వచ్చే నెల నాకూ అవకాశ్ ఇస్తున్నారు సర్," అన్నాను నవ్వడానికి ప్రయత్నిస్తూ.

ఆయన ఆగారు. కొండ మనిషి కదా, ఆగితే పూర్తిగా ఆగుతారు.

"ఏ భాషలో, బహినీ?"

ఈ నాలుగు పేజీలూ ఇప్పుడు జురాంగ్ ఈస్ట్ లైబ్రరీలో, నా పాత బల్ల దగ్గర కూర్చుని రాశాను. నా జీవితంలో ఒకరికి నివేదికగా కాకుండా రాసిన మొదటి పేజీలివి. తెలుగులో.